గోదాము గోడ మీద పోలమ్మ

కలకత్తా నుంచి తిరిగొచ్చాక మా ఆవిడకి ఫోన్లో ఫొటోలు చూపించాను. కాసేపు చూసి ఫోన్ నా చేతిలో పెట్టేసింది. "గోడలు చూసొస్తానని వెళ్ళారు. ఒక్క గోడా పూర్తిగా కనబడదేం? అన్నిటికీ మీరే అడ్డం" అంది.

నిజమే. పులి బొమ్మ ముందు నేను, రైలు బొమ్మ ముందు నేను, పేరు తెలియని నాయకుడి కార్టూన్ ముందు నేను. అన్నిట్లోనూ నేనే ముందుకొచ్చే ఆ బుద్ధి వల్ల అక్కడ ఒకామె కూచునే చోటే పోయేంత పనయింది. ఆ సంగతి చెప్పకుండా ఊరి అందాలు మాత్రం రాస్తే అది ప్రయాణం గురించి రాసినట్టు కాదు.

రాజమండ్రిలో నాకు పెయింట్ల కొట్టు ఉంది. ఒకప్పుడు బోర్డులు రాసే ఆర్టిస్టులు నేను షట్టరెత్తేసరికే మెట్ల మీద కూచుని ఉండేవారు. చిన్న ఎనామిల్ డబ్బాలు వాళ్ళకోసమే తెప్పించేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చాక ఒక్కొక్కరే రావడం మానేశారు. కలకత్తాలో మాత్రం ఇంకా చేత్తోనే రాస్తారని, ఎన్నికలొస్తే ఊళ్ళో ఖాళీ గోడ మిగలదని మా కొట్టుకొచ్చే సేల్స్ మనిషి చెప్పాడు. చూసి తీరాలనిపించింది. మా ఆవిడ మోకాళ్ళ నొప్పులంది. నాతో నడవడం కంటే నా ఉపన్యాసాలు వినడమే కష్టమని కూడా అంది.

షాలిమార్, ఏటికి అవతల

రైలు షాలిమార్‌లో దింపింది. గూడ్సు బోగీల మధ్య ఎవరో మరిచిపోయి వదిలేసినట్టుంటుంది ఆ స్టేషను. అక్కణ్ణుంచి హౌరా వెళ్ళడానికి ఆటో కోసం చూశాను. ఆటో ఖాళీగా కనబడింది, ఎక్కి కూచున్నాను. ఎవరూ గట్టిగా అరవలేదు. గొడుగు పట్టుకున్న ఒక పెద్దావిడ వంగి నా మొహంలోకి చూసి, "లైన్, దాదా" అంది. అప్పుడు చూశాను, ఆటోకి వెనకాల బడి పిల్లల్లా వరసగా నిలబడిన జనం. దిగి చివరికెళ్ళి నిలబడ్డాను. మా ఊళ్ళో ఆటో కోసం వరస కట్టమంటే నవ్వుతారు. ఇక్కడ తోసుకుంటే నవ్వుతారు.

హౌరాలో హుగ్లీ దాటే పడవ ఎక్కాను. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఏ నదిని చూసినా కొలతలు తీసే బుద్ధి ఒకటుంటుంది. దీని వెడల్పు మనదానిలో ఏ మూలకి అనుకుంటూ ఉండగానే పడవ అవతలి రేవుకి తగిలింది, నా చేతిలోని మట్టి ముంతలో టీ చొక్కా మీదికొచ్చింది. పక్కనున్నాయన తన సంచిలోంచి ఒక పాత పేపరు ముక్క తీసి ఇచ్చాడు. తుడుచుకున్నాక మళ్ళీ అడిగి తీసుకున్నాడు. అందులో ఇంకా చదవాల్సింది ఉందట.

కుమార్‌తులి సందులు

విగ్రహాలు చేసే కుమార్‌తులిలో ఆ రోజుల్లో పెద్ద పండగేమీ లేదు. గడ్డితో కట్టిన దేవతలు తలల్లేకుండా గోడలకి ఆనుకుని ఉన్నారు. ఒక ముసలాయన గడ్డి నడుముకి తాడు బిగిస్తూ, "మట్టి తరవాత, రంగు తరవాత, కళ్ళు అన్నిటికంటే చివర" అని హిందీలో చెప్పాడు. కళ్ళు పెట్టాకే దేవత అవుతుందట. అప్పటిదాకా గడ్డే.

ఆ చుట్టుపక్కల సందుల్లో గోడల నిండా బొమ్మలు. ఒక ఇంటి గోడ మీద కిటికీ బొమ్మ వేసి, అందులోంచి చెయ్యి గడ్డానికి ఆనించుకుని వీధిలోకి చూస్తున్న ఆడమనిషిని వేశారు. పక్కనే అసలు కిటికీ. నేను బొమ్మ ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంటూ ఉంటే ఆ అసలు కిటికీలోంచి ఒకావిడ తడి చీర దులిపింది. చినుకులు నా మీద పడ్డాయి.

"అందరూ దాని ఫొటోనే తీస్తారు" అంది హిందీలో. "అది ఒక్క బట్ట ఉతకదు."

మీ ఫొటో తియ్యమంటారా అని అడిగాను. చీర ఆరేసుకుంటూ, "వద్దు, నాకు పనుంది" అంది.

ఇళ్ళ ముందు అరుగులుంటాయి. వాటిని రొయాక్ అంటారు. పొద్దున్న పూట మగవాళ్ళు అక్కడ చేరి ఒక్క పేపరుని పేజీలుగా పంచుకుని చదువుతారు. ఒకాయన చదివిన దాన్ని ఇంకొకాయన ఖండిస్తాడు. తగువు ముదిరిందనుకునేసరికి కచోరీ పొట్లం విప్పుతారు. ఆకులో వేడి కచోరీ, పైన బంగాళాదుంప కూర, మన రెండు పూరీల ధరకి నాలుగు. గోడల మీది రాతలు కూడా అలాగే ఉన్నాయి. ఒక పార్టీ తిట్టు రాస్తే పక్క గోడ మీద అవతలి పార్టీ దానికి జవాబు రాసింది. ఎవరి రాత మీదా ఎవరూ పేడ కొట్టలేదు.

దానికొక పద్ధతుంది. సున్నం కొట్టి, మూలన పార్టీ పేరూ సంవత్సరమూ వేస్తే ఆ గోడ ఎన్నికలయ్యేదాకా వాళ్ళది. అవతలివాళ్ళు ముట్టుకోరు. సున్నం మాత్రం ఒకటే పూత, నీళ్ళ మజ్జిగలా ఉంటుంది. రెండు వానలు పడితే పోయి, కింద పాత బొమ్మ మళ్ళీ తేలుతుంది. నాలాంటివాడికి అది నాసిరకం పనిగా కనబడింది.

ఖిదిర్‌పూర్‌లో ఇడ్లీ

మర్నాడు బస్సులో ఖిదిర్‌పూర్ వెళ్ళాను. రేవులో పనిచెయ్యడానికి శ్రీకాకుళం నుంచి వెనకెప్పుడో వచ్చిన కుటుంబాలు అక్కడున్నాయని విన్నాను. వెతకక్కర్లేకపోయింది. పాత గోదాము గోడ పక్కన పొగ కక్కుతున్న ఇడ్లీ పాత్ర వెనకనుంచి, "ఏటి సూస్తన్నారు బాబూ, కూకోండి" అని వినబడింది.

ఆవిడ పేరు దాలమ్మ. యాభై దాటి ఉంటుంది. నేను తెలుగువాణ్ణని ఎలా తెలిసిందని అడిగాను.

"బెంగాలీ అయితే ముందు ధర అడుగుతాడు. తెలుగోడు ముందు పాత్రలోకి తొంగి సూస్తాడు" అంది.

ఇడ్లీ మీద శనగపప్పు చట్నీతో పాటు ఘుగ్నీ కూడా వేసింది. అది ఎండు బఠాణీల కూర. "ఈల్లకి చట్నీ ఒక్కటే అయితే ఎక్కదు. మా అత్త మొదలెట్టింది ఇలగ. ఇప్పుడు నాకూ ఇదే బాగున్నాది." నాక్కూడా బాగుంది. రాజమండ్రిలో ఎవరికీ చెప్పనని మాటిచ్చాను.

ఆవిడ వెనకాల, గోడ చివర, అమ్మవారి బొమ్మ ఉంది. పసుపు మొహం, చుట్టూ వేపమండలు, కింద ఘటం. పొయ్యి పొగకి సగం నల్లబడింది. వాళ్ళ ఊరి పోలమ్మ తల్లి. రేవులో పనిచేసిన మామగారు ఓడల మీద పేర్లు రాసేవాడి చేత, ఓడల రంగుతోనే వేయించాడట.

"ఈ తల్లే నా పట్టా" అంది దాలమ్మ. "ఈవిడుంది గనక ఇక్కడెవడూ నిలబడి పోసుకోడు. ఈవిడ కింద కూకున్నాను గనక ఇది దాలమ్మ సోటు అంటారు పాడాలో. కాయితం లేదు, ఏటీ లేదు." పాడా అంటే పేట.

గురువారం బండి తియ్యనని చెప్పింది. "లచ్చివారం హౌరా ఎల్లి మినప్పప్పు తెచ్చుకుంటాను. శుక్కురారం రండి."

లేచే ముందు అమ్మవారి ముందు నిలబడి ఫొటో తీసుకున్నాను.

గీకించిన రోజు

గురువారం మెటియాబ్రుజ్‌లో దర్జీల సందులు చూద్దామని అదే దారిన వెళ్ళాను. గోదాము గోడ దగ్గర ఇద్దరు మనుషులు సున్నం బకెట్లతో ఉన్నారు. ఒకాయన మెడకి మఫ్లరు చుట్టుకున్నాడు, చలేమీ లేదు. నిలబడి చూశాను. చూసి ఊరుకుంటే ఈ కథ లేదు.

"ఇలా పొరల మీద కొడితే నిలవదు. ముందు గీకాలి. ఇనప బ్రష్షుతో రుద్ది, సున్నంలో బంక కలిపి రెండు పూతలు వెయ్యాలి" అన్నాను. నాకు రంగుల కొట్టుందని కూడా చెప్పాను. మఫ్లరాయన శ్రద్ధగా విన్నాడు. "దాదా, బ్రష్షు ఎలాంటిది?" అని అడిగాడు. పక్క హార్డువేరు కొట్లో నేనే చూపించి కొనిపించాను. రెండు గజాలు గీకి చూపించాను కూడా. ఇన్నేళ్ళలో మా కొట్టులో నా మాట అంత ఓపిగ్గా విన్నవాళ్ళు లేరు.

గోడ చివర దాలమ్మ ఎండకి కట్టుకునే పరదా వేలాడుతోంది. దాని వెనక అమ్మవారుందని నాకు గుర్తు రాలేదని చెప్పను. గుర్తొచ్చింది. చెబితే వాళ్ళు పని ఆపి ఆలోచనలో పడతారు, మళ్ళీ ఆ నీళ్ళ సున్నమే కొట్టేసి పోతారు అనిపించింది. అంతదాకా వచ్చినప్పుడు వాళ్ళకే కనబడుతుందిలే అనుకున్నాను. బస్సొచ్చింది, ఎక్కేశాను.

మెటియాబ్రుజ్‌లో ప్రతి ఇంట్లోంచీ కుట్టుమిషన్ల చప్పుడు. పిల్లల గౌన్లు గుత్తులుగా కట్టి తలల మీద మోసుకెళ్తున్నారు. బిరియానీలో మాంసంతో పాటు ఒక పెద్ద బంగాళాదుంప వేస్తారు. మాంసం వదిలి దానికోసం తగువు పడేవాళ్ళని చూశాను. ఒక షట్టరు మీద ఎవరో కత్తెరని కొంగలా వేశారు. దాని ముందూ ఫొటో తీసుకున్నాను. హాయిగా గడిచింది ఆ రోజు.

శుక్రవారం

శుక్రవారం వెళ్ళేసరికి గోడ ఈ చివరనుంచి ఆ చివరకి తెల్లగా, నునుపుగా ఉంది. అంత బాగా కొట్టిన సున్నం ఆ ఊళ్ళో ఎక్కడా చూడలేదు. మూలన పార్టీ పేరు ఉంది. అమ్మవారు లేదు. ఆ కింద దాలమ్మ కూచునే చోట ఒకతను గుడ్డ పరిచి ఫోన్ కవర్లు అమ్ముతున్నాడు. అతనికి కాస్త అవతల, గోడకి ఎదురుగా ఒక మనిషి నిలబడి జిప్పు పెట్టుకుంటున్నాడు. దాలమ్మ బండి రోడ్డు మీద ఎండలో ఉంది. ఆటోలు హారన్ కొడుతున్నాయి. తినేవాళ్ళు ఎవరూ లేరు.

నన్ను చూసి రెండిడ్లీలు పెట్టింది. ఏమయిందని అడిగాను, తెలియనట్టు.

"ఏటవుతాది. ఆ కవర్లోడు, గోడ ఇప్పుడు పార్టీదీ, నీదేటి అంటన్నాడు. రేపు ఇంకోడు ఒస్తాడు. నా సోటు పోనాది."

"వానకి సున్నం పోతుందేమో" అన్నాను. పోదని నాకు తెలుసు.

"పోతే ఏటుంటాది కింద? గీకీసినారు. ఎప్పుడూ గీకరు బాబూ ఈల్లు. ఎవుడో తెలుగు బాబు ఒచ్చి దగ్గరుండి సెప్పి గీకించినాడంట."

నేను ఇడ్లీ తింటున్నాను. ఒకటి పూర్తిగా తిన్నాను. రెండోది సగం తిన్నాను. ఆవిడ గరిటె పట్టుకుని నా వైపే చూస్తోంది.

"ఆ బాబుకి రంగుల కొట్టున్నాదంట" అంది.

"నేనే, దాలమ్మా."

"తెలుసును. మీరు సెప్తారో లేదో అని సూస్తన్నాను."

నష్టానికి ఎంతో కొంత ఇస్తానన్నాను. మాట నోట్లోంచి రాగానే తప్పని తెలిసింది. "డబ్బుకి సోటు ఎవుడిస్తాడు నాకు?" అని మాత్రం అంది. గొంతు పెంచలేదు. అరిచినా బాగుండేది.

బిశూదా నిచ్చెన

గోడ మీద అభ్యర్థి పేరు రాయడానికి ఆర్టిస్టు ఆ పూటే వచ్చాడు. సన్నటి మనిషి, చెవి వెనక బ్రష్షు. అందరూ బిశూదా అంటున్నారు. వెంట మఫ్లరాయన వచ్చాడు. వెళ్ళి వాళ్ళకి విషయం చెప్పాను. మసి పట్టిన పసుపు మచ్చ ఒకటి కనబడిందనీ, దేవతని తెలియలేదనీ మఫ్లరాయన అన్నాడు. తెలిశాక నాలుక కరుచుకుని రెండు చెవులూ పట్టుకున్నాడు.

"నిన్న మీరిక్కడే ఉన్నారు కదా దాదా, ఠాకూర్, దేవత అని ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"చెప్పలేదు" అన్నాను.

ఆ చివర వదిలేస్తామని ఆయనే అన్నాడు. బిశూదా గోడని కొలిచి పెదవి విరిచాడు. "అయితే పేరు ఇరికించాలి. ఈయనకి ఇంత పొడుగు పేరు పెట్టిన అమ్మానాన్నల్ని అనాలి. అవతలి పార్టీ అతనిది రెండక్షరాలు. నిన్న వాళ్ళది రాశాను, గంటలో అయిపోయింది."

"రెండు పార్టీలకీ మీరేనా?" అన్నాను.

"ఒకే చెయ్యి ఉంది దాదా. ఇద్దరికీ ఇదే."

అమ్మవారు ఎలా ఉండేదో చూపించమన్నాడు. నా దగ్గర ఫొటో ఉందని గర్వంగానే ఫోన్ తీశాను. బిశూదా చూసి, దాలమ్మకిచ్చాడు. దాలమ్మ చూసి మఫ్లరాయనకిచ్చింది. వేపమండలున్నాయి, ఘటం ఉంది, భుజాలున్నాయి. మొహం ఉండాల్సిన చోట నా మొహం ఉంది, పళ్ళు కనబడేలా నవ్వుతూ.

"ఈయన్నే వెయ్యనా?" అన్నాడు బిశూదా.

దాలమ్మ పొద్దుటినుంచి మొదటిసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కొత్త సున్నం మీద ఎనామిల్ పట్టదు కాబట్టి ఆ మేరకి మళ్ళీ గీకి, ప్రైమరు వేసే పని నేను తీసుకున్నాను. దక్షిణేశ్వరం చూడాలనుకున్న రోజు ఆ గోడ దగ్గరే గడిచింది. నా చొక్కా నిండా తెల్లటి పొడి. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. బిశూదా నా పని చూసి, "గీకడం బాగా వచ్చు దాదాకి" అన్నాడు. అందరూ విన్నారు.

మొహం సంగతి ఆడవాళ్ళు తేల్చాలి. సందులోంచి ఇద్దరు ముగ్గురొచ్చారు. ముక్కుపుడక కుడివైపని ఒకామె, ఎడమవైపని ఒకామె. బొట్టు గుండ్రమని ఒకామె అంటే, "నిలువు బొట్టేనే, నీకు సత్వారం ఒచ్చింది, తుడుసుకో కళ్ళు" అని దాలమ్మ అంది. రోజూ చూసిన మొహం ఎవరికీ పూర్తిగా గుర్తులేదు. చివరికి వాళ్ళు ఒప్పుకున్నంత వరకూ బిశూదా వేశాడు. కళ్ళు మాత్రం అడగలేదు. అందరినీ వెనక్కి జరగమని, నిచ్చెన మీద కాస్త సేపు ఊరికే కూచుని, ఒక్కొక్క గీతలో తీశాడు. చెవుల దాకా సాగిన పెద్ద కళ్ళు. కుమార్‌తులిలో చూసిన కళ్ళు.

దాలమ్మ చాలాసేపు చూసింది. ఇది మా తల్లి కాదని ఆవిడ అంటే ఇంక నేను చెయ్యగలిగింది లేదు.

"మా ఊరి పోలమ్మకి ఇలటి కళ్ళు లేవు" అంది. బిశూదా బ్రష్షు దించాడు.

"ఈవిడ ఇక్కడే పుట్టినట్టున్నాది. నానూ ఇక్కడే పుట్టినాను. ఠిక్ ఆచే దాదా. ఉంచీయండి."

వెళ్ళి పసుపూ కుంకుమా తెచ్చి గోడ కింద పెట్టింది. వేపకొమ్మ ఎక్కణ్ణుంచి సంపాదించిందో తెలియదు. కవర్లతను అంతా చూస్తూనే ఉన్నాడు. ఎవరూ ఏమీ అనకుండానే గుడ్డ నాలుగు మూలలూ పట్టుకుని లేపి, రోడ్డుకి అవతలి పక్కకి పోయాడు. పోతూ పోతూ నుదుటికి చెయ్యి తగిలించుకున్నాడు. దాలమ్మ బండిని నేనూ మఫ్లరాయనా తోసి పాత చోట నిలబెట్టాం.

సాయంత్రం రైలుకి వెళ్ళే ముందు ఇడ్లీ తినడానికి వెళ్ళాను. కూచోడానికి చోటు లేక నిలబడే తిన్నాను. చెయ్యి కడుక్కుని, అలవాటుగా ఫోన్ తీశాను. దాలమ్మ పాత్ర మూత వేసి చెయ్యి చాపింది.

"ఇలా తెండి. మీరు తియ్యకండి."

ఇచ్చాను. ఎలా నొక్కాలో చూపించబోయాను, నాకు తెలుసునులే అంది. రెండడుగులు వెనక్కేసి, "అడ్డం నిలబడకండి బాబూ" అంది. పక్కకి జరిగాను. ఇంకొంచెం జరగమంది. జరిగాను.

ఆ ఫొటోలో అమ్మవారుంది. కింద పొగ, ఇడ్లీ పాత్ర, తింటున్న వాళ్ళ వీపులు, పక్కన ఇరుకు అక్షరాల్లో ఒక పొడుగు పేరు. మా ఆవిడ అంతదాకా చూడకుండానే ఫోన్ ఇచ్చేసింది. నేనే మళ్ళీ ఆవిడ చేతిలో పెట్టి చూపించాను. నేను లేని కలకత్తా ఫొటో నా దగ్గర అదొక్కటే ఉంది.